ఒంటిచేతి సింహం

పోయిన నెలలో ఒక కుర్రవాడు ఇందిరా నగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. పాత ఇళ్ళను హోటళ్ళుగా మార్చేవాళ్ళ దగ్గర పాత చెక్క సామాను కొనిపెట్టే పని చేస్తాడట. విజయవాడ వైపు నుంచి ఉద్యోగానికని పుదుచ్చేరి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. తెలుగు చక్కగా మాట్లాడాడు, నవ్వుతూ మాట్లాడాడు, చెప్పులు గుమ్మం బయట విడిచి మరీ లోపలికి వచ్చాడు. ఇన్ని మంచి లక్షణాలు ఒక్క మనిషిలో ఒకేసారి కనిపిస్తే నాకు అనుమానం వస్తుంది. మంచం కింద పాత చీరలో చుట్టిపెట్టిన చెక్క సంగతి ఇతని చెవిన ఎవరు వేసి ఉంటారా అని బంధువులందరినీ మనసులో వరసగా నిలబెట్టి చూసుకుంటూనే, దాన్ని బయటికి లాగి చూపించాను. అది ఒర్లియంపేటలోని మా పాత ఇంట్లో పూజగది ద్వారబంధానికి పైన అడ్డంగా ఉండిన పట్టె. మధ్యలో సింహం మొహం, ఆ నోట్లోంచి రెండు పక్కలకీ పారే తీగ, తీగ చివర్లలో రెండు మకరాలు. అతను మోకాళ్ళ మీద కూర్చుని, ఫోనులో లైటు వేసుకుని చాలాసేపు చూశాడు. "ఈ పక్క తీగను పట్టుకుని చెయ్యి ఉంది, ఆ పక్క లేదు. విరిగిపోయినట్టుంది మేడమ్. మా దగ్గర మంచి వడ్రంగి ఉన్నాడు, రెండోది కూడా చెక్కించేస్తాను. ఈ మరకలు కూడా పోతాయి," అన్నాడు. నేను సరేననలేదు, కాదనలేదు. కాఫీ తాగుతావా అని కూడా అడగలేదు. మా అవ్వ అయి ఉంటే ముందు ఆ పని చేసేది.

అవ్వ అంటే మా నాయినను కన్న తల్లి. మా వాళ్ళు ఈ ఊరికి ఎప్పుడు, ఎందుకు వచ్చారో చెప్పగలిగినవాళ్ళు నా చిన్నతనానికే ఎవరూ మిగల్లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో ఫ్రెంచి. అవ్వకు బడి భాష రాదు కానీ ఏ భాషలో అబద్ధం చెప్పినా పట్టుకునేది. పాలవాడు చెంబు వంచే తీరు చూసి నీళ్ళు కలిపాడో లేదో చెప్పేది. కూరగాయలామె తక్కెడ ఎత్తితే ముల్లును వదిలేసి ఆమె బొటనవేలిని చూసేది. మిల్లు కూత కూడా ఇవాళ ముందే కూసిందని మిల్లును అనుమానించేది. అంగట్లో కాఫీపొడిలో చింతగింజలు కలుపుతారని గింజలు తెప్పించి పెరట్లో తనే వేయించేది. తెల్లవారేసరికి ఆ మాడుతున్న కమ్మని వాసన పక్కింటివాళ్ళ దుప్పట్లలోకి కూడా దూరేది. ఇంటికి కొత్త మనిషి ఎవరు వచ్చినా ముందు ఆ కాఫీ ఇప్పించేది. పెద్దావిడ ఎంత మర్యాదస్తురాలో అని వాళ్ళు పొంగిపోయేవారు. వేడి కాఫీ గొంతులో పోసుకునేటప్పుడు మనిషి మొహాన్ని దాచుకోలేడని అవ్వ నమ్మకం. అందుకని ఎదురుగా పీట వేసుకుని, వాళ్ళు గ్లాసు ఎత్తినప్పటి నుంచి దించేదాకా రెప్ప వేయకుండా చూసేది. ఆ చూపు కిందనే మా ఇంటికి అల్లుళ్ళూ కోడళ్ళూ వచ్చారు.

తాత ఫ్రెంచివాళ్ళ కొలువులో, సముద్రం అవతల అప్పట్లో వాళ్ళే ఏలుతున్న సైగోన్‌లో చాలా ఏళ్ళు ఉండి వచ్చాడు. మా ఊళ్ళో అలాంటివాళ్ళు వీధికి ఒకరిద్దరు ఉండేవారు. కొందరు పెళ్ళాం పిల్లలతో వెళ్ళి వాళ్ళతోనే తిరిగొచ్చారు. కొందరు ఒంటరిగా వెళ్ళి అక్కడి భార్యను తీసుకుని వచ్చారు. ఇంకొందరు ఒంటరిగా వెళ్ళి ఒంటరిగానే వచ్చారు, వాళ్ళ ఇళ్ళలోనే గుసగుసలు ఎక్కువ. తాత ఆ చివరి రకం. అవ్వ మా నాయినను పెట్టుకుని ఇక్కడే ఉండిపోయింది. నాకు ఊహ తెలిసేనాటికి తాత పొద్దున్నే రొట్టె తుంచి పాలు లేని కాఫీలో ముంచుకుని తినేవాడు. అన్నంలోకి ఏవో పచ్చి ఆకులు కడిగించి పక్కన పెట్టుకునేవాడు. అగరొత్తులు మనలాగా దేవుడి చుట్టూ తిప్పేవాడు కాదు. గుప్పెడు వెలిగించి, రెండు అరచేతుల మధ్య నిలబెట్టి, నుదుటికి ఆనించుకుని నెమ్మదిగా వంగి లేచేవాడు. "ఇది యాడ నేర్చినాడో, ఎవురు నేర్పినారో," అని అవ్వ పోపు వేస్తూ అనేది, ఆయనకు వినపడేంత గట్టిగా. తాత పలికేవాడు కాదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక వాలుకుర్చీని పూజగదికి ఎదురుగా లాక్కుని, ద్వారం వైపు చూస్తూ చూస్తూ నిద్రపోయేవాడు. పెద్దతనం కదా, దేవుడి మీద మనసు పోయిందని అమ్మ అనుకునేది. "దేవుడు లోపల ఉండాడు. ఆయన చూసేది పైన," అనేది అవ్వ.

పైన ఉన్నది ఆ పట్టె. తాత సైగోన్ నుంచి ఓడలో తెచ్చుకున్న పెట్టెలో వచ్చింది. పూజగది ద్వారం వంగి దూరేంత పొట్టిది కాబట్టి ఆ సింహం మాకు బాగా దగ్గరగా ఉండేది. గుండ్రటి ఉబ్బుకళ్ళు, పై పళ్ళు మాత్రం ఉండి కింది దవడ లేని నోరు. ఎడమ పక్క తీగను ఒక చిన్న చెయ్యి గట్టిగా పట్టుకుని ఉండేది, పసిపిల్లల చెయ్యిలా బొద్దుగా. కుడి పక్క చెయ్యి లేదు. ఎడమ మకరం తొండం పైకెత్తి నోట్లోంచి బుల్లి సింహాన్ని కక్కుతుంటే, కుడి మకరం మన గుళ్ళ మీద ఉండేదానిలాగా తోకంతా ఆకులై విచ్చుకుని ఉండేది. ఓడలో సముద్రపు నీళ్ళు తగిలి ఒక పక్క చివికిపోతే, ఇక్కడి వడ్రంగి చేత బాగు చేయించానని తాత చెప్పాడట. ఇంట్లో అందరూ నమ్మారు. అవ్వ మాత్రం, పూజగదికి పెట్టుకోవద్దని అనకుండా, ఏడాది పొడవునా దాని మీద మామిడాకుల తోరణం కట్టడం మొదలుపెట్టింది. పండగలకు కట్టి తీసేవాళ్ళు ఊరంతా ఉన్నారు. మా ఇంట్లో శుక్రవారం కొత్త తోరణం తయారైతే తప్ప పాతది దిగేది కాదు. ఆ సింహం ఎప్పుడూ ఎండుటాకుల సందుల్లోంచి తొంగిచూస్తూ ఉండేది. గడపకు పసుపు రాసి కుంకుమ పెట్టే అవ్వ పై పట్టెను వేలితో కూడా తాకేది కాదు. ఆమెకు తేలవలసింది ఒక్కటే, సైగోన్‌లో తాతకు ఇంకో ఇల్లు ఉండేదా లేదా. అడిగితే ఒక్క మాటలో తేలిపోయేది. ఎందుకో అడగలేదు. తాత పోయాక అడగడానికి మనిషి లేడు, పట్టె ఉంది.

నేను పెద్ద క్లాసులకు వచ్చాక మా బడికి ఫ్రెంచి చెప్పడానికి తాత్కాలికంగా ఒక కొత్త టీచర్ వచ్చింది. పేరు పి. వరలక్ష్మి. సన్నగా, తెల్లగా, నవ్వితే కళ్ళు మూసుకుపోయేలా ఉండేది. సెలవు రోజుల్లో పాత గుళ్ళకు వెళ్ళి గోడల మీది నగిషీలన్నీ పెద్ద కాగితాల మీద గీసుకొచ్చేది. హంసల బారు, తీగ చుట్టలు, తామర రేకులు, సింహం మొహాలు. మన చోళుల కాలపు శివాలయం మీద ఉన్న తీగే సముద్రం అవతల బుద్ధుడి గుడి మీద ఎట్లా ఉందో పక్కపక్కన పెట్టి చూపించేది. దాని మీదే ఏదో పరిశోధన చేస్తోందని తెలిసింది. ఒకరోజు సింహం మొహం చూపిస్తూ, అటువైపు గుళ్ళ మీద దీనికి చేతులు కూడా ఉంటాయంది. మా ఇంట్లో ఉన్నదానికి ఉంది టీచర్ అన్నాను. సుద్దముక్క కింద పెట్టేసింది. "రెండు చేతులా?" అంది. ఒకటే అన్నాను. ఆ శుక్రవారం సాయంత్రమే నా వెంట మా ఇంటికి వచ్చింది.

అవ్వ కొత్త తోరణానికి ఆకులు గుచ్చుతోంది. ఇల్లంతా సాంబ్రాణి, పసుపు, తడి నేల వాసన. టీచర్ ఆమెకు దణ్ణం పెట్టి, "బాగున్నారా మామ్మగారూ," అంది. వినడానికే కొత్తగా అనిపించే తెలుగు అది. అవ్వ చేతిలో పుల్ల ఆగింది.

"ఏ ఊరమ్మా మీది?"

"మా వాళ్ళది యానాం అండి. నేను పుట్టింది సైగోన్‌లోనండి. నాన్నగారు అక్కడ కొలువులో ఉండేవారండి."

"సైగోన్లో పుట్టి తెలుగు యాడ నేర్చినావు?"

"ఇంట్లోనేనండి."

"ఇంట్లో," అంది అవ్వ. ఆ మాటను నోట్లో వేసుకుని కాస్త నమిలినట్టుగా అంది. తర్వాత నన్ను వంటింట్లోకి రమ్మని కంటితో సైగ చేసింది. నేను వెళ్ళేసరికి నా చెయ్యి పట్టుకుని, "మే సుగుణా, ఆ పిల్ల చెవులు చూసినావా? మీ తాత చెవులే," అంది. వాళ్ళది యానాం అని చెప్పింది కదా అన్నాను. "చెప్తాది. సైగోన్ కాడినించి వచ్చి ఇంత తెలుగు మాట్లాడతా ఉండాదంటే, ఆ ఇంట్లో తెలుగోడు ఒకడు ఉండినాడనే కదా అర్థం. వాటా అడిగేదానికి వచ్చింది. కాఫీ ఇయ్యి, తాగనీ, చూస్తా." ఈ ఊళ్ళో తప్ప ఇంకెక్కడా ఎవరూ చేయలేని పొరపాటు అది. మా ఊరి నుంచీ యానాం నుంచీ ఎన్ని తెలుగు కుటుంబాలు ఆ ఓడలెక్కాయో అవ్వకు తెలియక కాదు. ఆమె లెక్కలో సైగోన్‌లో తెలుగు మగవాడు ఒక్కడే ఉన్నాడు, ఆయన మా తాత.

టీచర్ కాఫీ తాగింది. అవ్వ ఎదురుగా కూర్చుని చెవులూ గడ్డమూ పరిశీలించింది. గోడ మీది తాత ఫోటో వైపు ఒకసారి, టీచర్ వైపు ఒకసారి చూసింది. ఇంతలో మా నాయిన బజారులో అంగడి మూసుకుని వచ్చాడు. దారాలు, గుండీలు అమ్ముకునే మనిషి, తమిళ పేపరు మాత్రం మూలమూలా చదివేవాడు. టీచర్ టేపు పట్టుకుని ద్వారం కొలవడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. నన్ను పక్కకు పిలిచి, "పేపర్లో దినమూ రాస్తా ఉండారు, గుళ్ళల్లో విగ్రహాలు ఎత్తకపోతా ఉండారని. ఈమె ఏంది, కొలతలు తీస్తా ఉండాది? కొలిచేది ఈమె, ఎత్తకపొయ్యేది ఇంకొకడు," అన్నాడు. తల్లీ కొడుకూ ఆ సాయంత్రం ఒకే మనిషిని చెరో నేరానికి అనుమానించారు. దొంగల ముఠా అయితే తాత సైగోన్ ఇంటి మనవరాలు కాదు, మనవరాలైతే దొంగల ముఠా కాదు. ఇద్దరూ తమ అనుమానాన్ని వదులుకోవడానికి ఇష్టపడలేదు. అమ్మ మాత్రం ఆ పిల్ల రాత్రికి భోంచేసి వెళ్తుందా అని అడిగింది.

తోరణం కాస్త పక్కకు జరపవచ్చా అని టీచర్ అడిగినప్పుడు నాయిన వద్దనబోయాడు. అవ్వే లేచి, పీట వేసుకుని ఎక్కి, పాత తోరణం తెంచేసింది. పూర్తిగా బోడిగా ఉన్న ఆ సింహాన్ని నేను చూడడం అదే మొదటిసారి. టీచర్ కళ్ళు పట్టెకు ఆనించేంత దగ్గరగా వెళ్ళి, ముక్కు మీద వేలు పైనుంచి కిందకు గీసింది. వేలి కింద వెంట్రుక మందాన ఒక గీత కనిపించింది. సింహం మొహం సరిగ్గా మధ్యలో రెండు ముక్కలుగా ఉంది. ఎడమది నల్లగా బరువుగా ఏదో తెలియని చెక్క. కుడిది మన పనస చెక్క, దానికి నూనె పూసి నలుపు చేశారు.

"ఈ సగం అక్కడిదండి. ఆ సగం ఇక్కడ చేయించిందండి," అంది టీచర్. "ఇక్కడి వడ్రంగికి సింహం మొహం అంటే చేతులుండవు కదండీ. అతనికొచ్చిందే చెక్కేడు. విరగలేదండి మామ్మగారూ, ఆ పక్క అసలు చెయ్యే పెట్టలేదు."

"చివికిపొయిందని చెప్పినాడు మీ తాత," అంది అవ్వ నా వైపు తిరిగి. "పెట్టె తెరిచిన దినమే చూసినా నేను. ఉప్పునీళ్ళు రంపం మాదిరి కోస్తాయా?"

ఇన్నేళ్ళూ అవ్వ తోరణం కట్టి దాచింది ఆ మొహాన్ని కాదని, ఆ కోతను అని అప్పుడు తెలిసింది. టీచర్‌కు ఇబ్బంది అర్థమైనట్టుంది, మాట మార్చబోయింది. ఈ మొహం ముందు ఇక్కడి నుంచే అటు వెళ్ళిందనీ, రాజుల కాలంలో వర్తకులతోనూ శిల్పులతోనూ ఓడలెక్కిందనీ, అక్కడివాళ్ళు శివుడి గుడి మీదా బుద్ధుడి గుడి మీదా తేడా లేకుండా దీన్నే పెట్టుకున్నారనీ చెప్పింది. "అక్కడికెళ్ళాక దీనికి చేతులొచ్చాయండి," అంది.

"పొయినోళ్ళకంతా ఆడ చేతులు మొలస్తాయి మాదిరి ఉండాది," అంది అవ్వ.

కానీ అవ్వ ఒకరి మాట మీద దేన్నీ ఒప్పుకునే మనిషి కాదు. మన సింహాలకు చేతులుండవని ఈ పిల్ల చెప్తే సరిపోతుందా, నేను చూడాలి అంది. ఆ ఆదివారం ముగ్గురం బాహూరు బస్సెక్కాం. అక్కడి పాత శివాలయం గోడల మీద కావలసినన్ని మొహాలున్నాయని టీచర్ చెప్పింది. అవ్వ గుళ్ళోకి వెళ్ళి దేవుడికి మాత్రం గబగబా దణ్ణం పెట్టి బయటపడింది. ఆ తర్వాత కొంగు నెత్తిన కప్పుకుని, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వెంట బయల్దేరింది. గూళ్ళ పైన, కప్పు అంచుల కింద, కనపడ్డ ప్రతి సింహం ముందూ ఆగి, తల వంచి చూసి, కదిలేది. సందేహం వచ్చినచోట నన్ను రాతి మెట్టు ఎక్కించి చూడమనేది. గుడి చుట్టూ ఎవరైనా తిరిగితే ప్రదక్షిణమే అనుకుంటారు కాబట్టి ఎదురైన ఆడవాళ్ళు ఆమెకు దారి ఇచ్చారు. ఒక్క సింహానికైనా చెయ్యి ఉంటే, తాత చెప్పింది కొంతైనా నిజమయ్యేది. టీచర్ లెక్క తప్పనుకోవచ్చు, ఆ కోతకు కూడా ఇంకేదో కారణం ఉందనుకోవచ్చు. ఎండ మీదికి వచ్చేదాకా వెతికింది. ఒక్కదానికీ లేదు.

నీడలో అరుగు మీద కూర్చుని పెరుగన్నం పొట్లాలు విప్పాం. అవ్వ తినలేదు. టీచర్‌ను అడిగింది, "ఆ కోత చూసినావు కదా. ఎట్ల కోసినారు?"

"చాలా జాగ్రత్తగానండి. ముక్కు మధ్యనుంచి కోసేరు. అటో కన్ను, ఇటో కన్ను, అటో చెయ్యి, ఇటో చెయ్యి వచ్చేలాగా. ఎత్తుకొచ్చేవాడు అలా కోయడండి. కోపంతో కోసేవాళ్ళూ అలా కోయరండి."

"పంచుకున్నారు."

"అలాగే అనిపిస్తోందండి."

"ఆ మిగిలిన సగానికి కూడా ఎవురన్నా ఇట్లే అతికించి ఉంటారా?"

"ఉంచుకుంటే అతికించే ఉంటారండి. సగం మొహం ఇంటికి పెట్టుకోరు కదండీ."

"ఆడుండే వడ్రంగి చెయ్యి పెడతాడా?"

"పెడతాడండి. వాళ్ళకి అలవాటే కదండీ."

అవ్వ గుడి గోడ వైపు చూసింది. "అట్లయితే ఆమె సింగానికి రెండు చేతులూ ఉండాయి," అంది.

ఆమె అనే మాట అవ్వ నోట వినడం అదే మొదలు. అప్పటిదాకా సైగోన్, ఓడ, ఆ ఊరు అనేదే కానీ మనిషి ఉన్నట్టు ఎన్నడూ అనలేదు. ఎప్పుడూ అందరినీ పట్టుకునే అవ్వ ఏదీ పట్టుకోవడానికి లేనట్టు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అనుమానం ఉన్నంతకాలం ఆమెకు కొంచెం వీలుండేది, కాకపోయి ఉండవచ్చులే అనుకునే వీలు. అది ఆ రోజుతో పోయింది. ఏడవలేదు. పొట్లం తీసుకుని పెరుగన్నం తిన్నది, మాకు ఊరగాయ వడ్డించింది. తిరుగు బస్సులో టీచర్ పక్కన కూర్చుని, చాలాసేపు బయటికి చూసి, "నువ్వు ఆమె మనవరాలివి కాదు కదా," అని అడిగింది. టీచర్ ఉలిక్కిపడి, "అయ్యో, కాదండి మామ్మగారూ. మా తాతగారిని యానాంలో ఎవర్నడిగినా చెప్తారండి," అంది. "సరి," అంది అవ్వ. "అయి ఉంటే మాత్రం చెప్తావా?"

ఆ అనుమానాన్ని అవ్వ ఎన్నడూ వదల్లేదు. పైగా అది ఆమెకు ఇష్టమైపోయింది. వరలక్ష్మి టీచర్ మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆదివారం సాయంత్రాలు మా వసారాలో కూర్చుని నాకు తెలుగు అక్షరాలు నేర్పింది. ఇంట్లో తరతరాలుగా మాట్లాడుతున్న భాషను చదవగలిగినవాళ్ళు అప్పటికి మా ఇంట్లో ఒక్కరూ లేరు. నేను దిద్దుతుంటే అవ్వ పీట వేసుకుని కూర్చుని, ఆ పిల్ల చెవుల వైపే చూసేది. మొదటి కాఫీ ఆమెకే ఇచ్చేది. చిక్కగా, మా నాయినకు కూడా పోయనంత చిక్కగా పోసేది. టీచర్ ఉద్యోగం మీద యానాం వెళ్ళిపోయేరోజు ఊరగాయ జాడీ కట్టించి, "ఆ ఇంట్లో వాళ్ళకీ పెట్టు," అంది. ఏ ఇంట్లో వాళ్ళకో చెప్పలేదు, టీచర్ అడగలేదు. నాయిన మాత్రం ఆ తర్వాత చాలా నెలలు రాత్రి తలుపు గడియ వేశాక ఒకసారి లాగి చూసుకునేవాడు, దొంగల ముఠా రేపోమాపో వస్తుందని. ముఠా రాలేదు. అందుకు ఆయన కొద్దిగా చిన్నబుచ్చుకున్నట్టే కనిపించేవాడు.

తోరణం మళ్ళీ ఎప్పటిలాగే పైకెక్కింది. ఒక్క మార్పు వచ్చింది. శుక్రవారం గడపకు పసుపు రాయడం అయ్యాక అవ్వ మమ్మల్నందరినీ వసారాలోకి పంపేసేది. ఉక్కగా ఉందనో, నేల తడిగా ఉంది తొక్కుతారనో ఏదో ఒకటి చెప్పేది. లోపల పీట జరిగిన చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ పీట చప్పుడు. ఒంటరిగా కూర్చుని తాతను తిట్టుకుంటోందని నా అనుమానం. మోకాళ్ళ నొప్పుల మనిషి, తోరణం నేను కడతానంటే వినేది కాదు. ఇలా నా కాలేజీ చదువు అయిపోయింది, మా వీధి చివర రొట్టెల బట్టీ మూతపడింది, తాత ఫ్రెంచి స్నేహితులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఎనభైల్లో ఒక వానాకాలం అవ్వ కూడా పోయింది. పెద్దగా బాధపడలేదు, డాక్టరు ఇచ్చిన మాత్రను ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి అనుమానంగానే మింగింది.

చావు ఇంట్లో తోరణం ఉండకూడదు కాబట్టి మర్నాడు నేనే పీట ఎక్కి తీసేశాను. కుడి పక్క, చెయ్యి లేని చోట, తీగ మీద పసుపు ముద్ద కట్టి ఉంది. ఏదో చిందిందనుకుని కళ్ళు దగ్గర పెట్టి చూస్తే అయిదు వేళ్ళు కనిపించాయి. అరచెయ్యి. వారం వారం అదే చోట, దాని మీదే మళ్ళీ మళ్ళీ అద్దిన అవ్వ చెయ్యి. పసుపు పొరలు పొరలుగా పేరుకుని, చెక్కలోంచి పైకి లేచి, నిజంగా ఎవరో చెక్కినంత మందం అయింది. ఎడమ పక్క ఉన్న చేతిలాగే అది కూడా తీగను పట్టుకుని ఉంది. చిటికెన వేలు కొంచెం వంకర, అవ్వది వంకరే. నాయిన తడిగుడ్డ తెచ్చి తుడవబోయాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "ఉండనీండి," అంది. నాకు అక్కడే, పీట మీద నిలబడే ఏడుపు వచ్చింది. అవ్వ పోయినప్పుడు రానంత ఏడుపు.

ఇందులో క్షమించడం లాంటిది ఏదో ఉందని మా బంధువులు కొందరు తర్వాత అన్నారు. నేను నమ్మను. అవ్వ అంత సులువైన మనిషి కాదు. ఆ సముద్రం అవతలామెకు రెండు చేతులూ దక్కితే, తను ఒంటిచేత్తో ఎందుకు ఉండాలి అనుకుని ఉంటుంది. ఇక్కడి వడ్రంగికి రానిదాన్ని తను పెట్టుకుంది. వరలక్ష్మి టీచర్ పరిశోధన ఏమయిందో నాకు తెలియదు. ఏ నగిషీ ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో విడదీయడం కష్టమని ఆమె ఎప్పుడూ అంటూ ఉండేది. మా పట్టె ఒక్కదాని సంగతి నేను చెప్పగలను. సగం అక్కడిది, సగం ఇక్కడిది, ఒక చెయ్యి మా అవ్వది.

ఒర్లియంపేట ఇల్లు మా అన్నదమ్ముల వాటాల్లో పోయింది. అందరూ వద్దన్న పట్టె నాకు వచ్చింది. ఈ ఫ్లాట్లలో ద్వారబంధాలు ఇనుపవి, పూజగది అంటే గోడకు కొట్టిన అర. మంచం కింద తప్ప దానికి చోటు లేకపోయింది. ఎదురింటి వాళ్ళు ఎవరో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. గంట మోగితే తలుపులో ఉన్న చిన్న అద్దంలోంచి ఒంటికన్నుతో చూస్తాం, అవతలి మనిషి మొహం ఉబ్బి కనిపిస్తుంది, నచ్చకపోతే చప్పుడు చేయకుండా లోపలే ఉండిపోతాం. అవ్వ కాలంలో అనుమానం వస్తే మనిషిని లోపలికి పిలిచి కూర్చోబెట్టేవాళ్ళు. ఎవరైనా ఇంట్లోకి రాకుండా వాళ్ళను అనుమానించడం ఎట్లాగో ఆమెకు తెలిసేది కాదు. నాకు ఆమె చూపు వచ్చింది గానీ ఆమె కాఫీ రాలేదు.

ఆ కుర్రవాడు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. కుడి పక్కన గోరుతో మెల్లగా గీకి, "ఇది రంగు కాదు మేడమ్, పసుపులాగా ఉంది. తడిగుడ్డతో పోతుంది. తర్వాత ఇక్కడ చెయ్యి చెక్కించేస్తే రెండు పక్కలా సమంగా ఉంటుంది," అన్నాడు.

"గీకొద్దు," అన్నాను. "అక్కడ చెయ్యి ఉంది. సరిగ్గా చూడు."

అతను ఫోను లైటు పక్కకు తిప్పి, తల వంచి చూశాడు. చాలాసేపటికి తన కుడి చెయ్యి చాపి, ఆ పసుపు వేళ్ళకు తాకకుండా కొంచెం ఎడంగా పట్టి కొలుచుకున్నాడు. అతని మొహంలో నవ్వు పోయింది. "ఎవరిదండీ?" అని అడిగాడు.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాను. కాఫీ కలిపి తెచ్చి అతని చేతికి ఇచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.